ఇర్రికి భయం నేర్పిన రోజులు

నర్సరీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మొక్కల పని గురించి అడిగితే అడిగినంతా చెప్తాను. కవర్లో మట్టి ఎంతవరకు నింపాలి, ఏ గింజను నానబెట్టాలి, ఏ మొక్కకు నీడ పందిరి వేయాలి, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. జంతువుల పని గురించి అడిగితే మాత్రం రేపు చెప్తానని తప్పించుకుంటాను. మొన్న ఒక పిల్ల వదల్లేదు.

"పెద్దమ్మా, నీ రేపు ఎన్నడొస్తదే?" అంది.

నోటితో చెప్పబోతే మధ్యలో మాట మార్చేస్తాను. రాస్తే ఆ బాధ లేదు. ఆగినచోట కలం పక్కన పెట్టి, చాయ్ తాగి వచ్చి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చదువు వల్ల నాకు కలిగిన లాభాల్లో ఇదొకటి.

మాది గొర్రెలు కాసే ఇల్లు. పుట్టిల్లూ అంతే, అత్తగారిల్లూ అంతే. మా ఆయన పోయాక మంద అమ్మేశాం. ఆ తర్వాత నేను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే దారిలో ఉన్న అడవి శాఖ నర్సరీలో రోజు కూలికి చేరాను. అక్కడే నా తల నెరిసింది, అక్కడే నాకు అక్షరాలు వచ్చాయి. నర్సరీలో ప్రతి మడి ముందు ఒక రేకు ముక్క పాతి, దాని మీద మొక్క పేరు రాసి ఉంటుంది. మొక్క నాకు తెలుసు, పేరు నాకు తెలుసు, ఆ రెండింటి మధ్య ఉన్న గీతలే తెలియవు. కోదాడ నుంచి వచ్చిన వాచర్ ఒకతను మాతో పనిచేసేవాడు. నన్ను అక్కా అనేవాడు. అతనే ఒకరోజు నీళ్ళ పైపు పక్కన పడేసి, "ఇదేంది చెప్పక్కా?" అని ఒక రేకు చూపించాడు. "వేప" అన్నాను. "మరింకేం, నీకు చదువొచ్చు" అన్నాడు. అలా మొదలైంది. నేను మొదట చదివిన మాట వేప, తర్వాత కానుగ, తర్వాత మారేడు. పుస్తకం పట్టుకోవడం చాలా తర్వాతి సంగతి.

నర్సరీ వెనక ఎత్తైన ఇనుప జాలీ కట్టిన జాగా ఒకటి ఉండేది. బావిలో పడిన దుప్పినో, కరెంటు తీగ తగిలిన నెమలినో తెచ్చి, నయమయ్యేదాకా అందులో ఉంచేవాళ్ళం. గొర్రెలు కాసిన చెయ్యి కదా అని, వాటికి మేత పెట్టే పని నాకే అప్పజెప్పారు.

ఒక వానాకాలం చివర్లో నడిగూడెం వైపు నుంచి ఫోన్ వచ్చింది. ఒక ముసలాయన గొర్రెల మందలో జింక తిరుగుతోందట. మా రేంజ్ సారు, పశువుల డాక్టరు, వాచర్ బయలుదేరారు. గొర్రెల వాళ్ళతో మాట్లాడాలి కాబట్టి నన్నూ జీపు ఎక్కించుకున్నారు.

కాలువ గట్టు మీద మేస్తున్న మందను దూరం నుంచే చూశాం. నల్ల గొర్రెలు, ఎర్ర గొర్రెలు, వాటి మధ్యలో సన్నటి కాళ్ళ మీద లేత గోధుమ రంగు ఇర్రి, అంటే మగజింక. కొమ్ములు అప్పుడే మెలి తిరగడం మొదలైంది. అది గొర్రెలతో పాటు తల వంచి మేస్తోంది. ముసలాయన భుజాన గొంగడితో ఎదురొచ్చాడు.

"పోలీసోళ్ళా?"

"కాదు తాతా, అడివోళ్ళం" అన్నాడు వాచర్.

"అడివోళ్ళకు గీడేం పని? అడివి యాడుంది గీడ? ఏ దిక్కు సూసినా వరేనాయె."

సారుకు కూడా నవ్వొచ్చింది. మా సారు మంచివాడే. చేతిలో ఉన్న అధికారానికి తానే భయపడే రకం. మెల్లగా అడిగాడు, "దాన్ని ఏమని పిలుస్తావు?"

"ఇర్రి."

"అది జాతి పేరు కదా. నువ్వు పెట్టుకున్న పేరు?"

"గొర్రెకు పేరు వెడ్తమా సారూ? గొర్రెను గొర్రె అంటం. దీన్ని ఇర్రి అంటం."

దాని తల్లి హైవే మీద లారీ కింద పడిందట. పిల్ల పక్కన జొన్న చేనులో ముడుచుకుని దొరికిందట. అప్పుడే ముసలాయన మందలో ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోయింది. చచ్చిన పిల్ల తోలు ఒలిచి ఈ పసిదాని మీద కప్పి గొర్రె దగ్గరికి తోలాడు. గొర్రె వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిచ్చింది. మా వాళ్ళందరూ చేసే పనే ఇది. తల్లి లేని పిల్లను పిల్ల లేని తల్లికి అలాగే కలుపుతాం. తర్వాత చెవి కోసే రోజు వచ్చినప్పుడు, మిగతా పిల్లలకు కోసినట్టే దీని ఎడమ చెవికీ మంద గుర్తు కోశాడు.

"చెవి ఎందుకు కోశావయ్యా?" అన్నాడు డాక్టరు.

"మందల పెరిగినంక మందదే గద సారూ."

మేం మాట్లాడుతుండగానే ఊరకుక్క ఒకటి గట్టు ఎక్కింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా దగ్గరికి జరిగి ముద్దలా నిలబడ్డాయి. ఇర్రి తల వంచుకుని వాటి మధ్యలోకి దూరి, ఒక పెద్ద గొర్రె కడుపు కింద మూతి పెట్టింది. మంద కుక్కలు రెండూ లేచి ఊరకుక్కను తరిమాయి. అంతా సర్దుకున్నాక ఇర్రి మళ్ళీ తల ఎత్తి మేయసాగింది. నాకు అందులో వింత కనిపించలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. డాక్టరు మాత్రం చాలాసేపు దాన్నే చూశాడు.

ఇర్రిని ఇంట్లో పెంచుకోవడం నేరం. ఆ మాట చెప్పగానే ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. సారు అతని భుజం పట్టుకుని, "నువ్వే పిలిచి మాకు అప్పగించావని చెప్తా. నీకేం కాదు" అన్నాడు.

"నా సంగతి ఇడువుండ్రి. దీన్ని యాడ వెడ్తరు?"

"పట్నంలో జూ ఉంది."

"బోన్లనా?"

సారు డాక్టరు వైపు చూశాడు.

ముసలాయన నా వైపు తిరిగాడు. అప్పటికే మా ఇంటిపేరు, మా మంద వివరం అడిగి తెలుసుకున్నాడు. "సూడు బిడ్డా. నేను పోరగాన్నున్నప్పుడు గీ గట్ల పొంటి ఇర్రుల మందలు తిరిగేటియి. ఒకటి దుంకిందంటే ఎనకెనక అన్నీ దుంకుడే. మబ్బుల తొక్కినట్టుండేది. ఇది మాత్రం ఒక్కనాడు దుంకలే. ఇయ్యాల దుంకుతదా, రేపు దుంకుతదా అని సూస్తనే ఉన్న. గొర్రె లెక్కనే నడుస్తది, గొర్రె లెక్కనే ఉరుకుతది. బోన్ల వెడ్తే ఇగ ఏం దుంకుతది? జర మీ సారుకు చెప్పు."

జీపు ఎక్కించేటప్పుడు అది బెదరకుండా ముసలాయన తన గొంగడి విప్పి దాని తల మీద కప్పాడు. ఆ వాసనకు అది కదలకుండా పడుకుంది. జీపు కదిలాక ముసలాయన వెనక కొంతదూరం నడిచాడు. తర్వాత మందను విడిచిపెట్టి రావడం కుదరక ఆగిపోయాడు.

నర్సరీకి రాగానే డాక్టరు తన మాట చెప్పాడు. "జూకి పంపడమే మంచిది. ఇది పుట్టింది బయటే అయినా దీనికి తెలిసిందంతా గొర్రెలే. అడవిలో వదిలితే బతకదు."

నేను కూలి మనిషిని. అలాంటి మాటల మధ్యలో నోరు తెరిచే అలవాటు లేదు. కానీ ముసలాయన నాకు అప్పజెప్పాడు కదా.

"సార్, నాకు తల నెరిసినంక అక్షరాలొచ్చినయ్. దీనికింక కొమ్ములన్న పూర్తిగ తిరగలే. దీనికెందుకు రాదు?"

డాక్టరు కోప్పడలేదు. "అక్షరం రాకపోతే ప్రాణం పోదమ్మా" అన్నాడు.

"పోదు సార్. కని బోన్ల ఉన్నట్టే ఉంటది."

మా సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఎండలు ముదిరేదాకా ప్రయత్నిద్దాం. నేర్చుకుంటే వదులుదాం, లేకపోతే జూ" అన్నాడు. డాక్టరు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మనస్ఫూర్తిగా సాయం చేశాడు. ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పు.

ఇర్రికి నేర్పాల్సింది ఏమిటంటే భయం. ఆయన చెప్పిన పద్ధతి అది. మనిషి గొంతు వినపడకూడదు. చేత్తో మేత పెట్టకూడదు, అది చూడకుండా లోపల పడేసి రావాలి. మనిషి కనపడ్డప్పుడల్లా దానికి చెడ్డ సంగతి ఏదో ఒకటి జరగాలి. అందుకు నాకు ఒక పాత డబ్బా రేకు, కర్ర ఇచ్చారు. అది దగ్గరికి వస్తే రేకు మోగించాలి. గొంగడి తీసి స్టోర్ రూములో పెట్టాలి.

నేను జీవితంలో చేసిన పనుల్లో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. బెదిరిన జీవాన్ని దువ్వడం నా చేతికి తెలుసు. దగ్గరికి వచ్చినదాన్ని తరమడం తెలియదు. మొదటిరోజు రేకు మోగించగానే ఇర్రి పరుగెత్తి నా దగ్గరికే వచ్చింది. మందను మళ్ళించడానికి ముసలాయన కూడా డబ్బా కొట్టేవాడేమో. జాలీకి మూతి ఆనించి నిలబడింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. అది ఇంకా దగ్గరికి జరిగింది.

"ఏందక్కా, నువ్వు డప్పు కొడతంటే అది డాన్సు చెయ్యడానికి వస్తంది" అన్నాడు వాచర్. నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వలేదని తెలిసి ఇంకేమీ అనలేదు.

కుక్కంటే భయం నేర్పడానికి అతను వాళ్ళ పక్కింటి కుక్కను గొలుసుతో తెచ్చేవాడు. అది బాగా బలిసిన కుక్క. జాలీ దాకా రావడానికే ఆయాసపడేది. బిస్కెట్ వేస్తే గానీ మొరిగేది కాదు.

"ఇట్టా అయితే కుక్కకే జింకంటే భయం పట్టుకుంటాది అక్కా" అనేవాడు.

అయినా అది మొరిగినప్పుడల్లా ఇర్రి ఉలిక్కిపడి, మూలన మట్టి నింపి పెట్టిన గోనె బస్తాల గుంపులోకి దూరి తల దాచుకునేది. బస్తాలు ఉంటే పరుగెత్తడం నేర్చుకోదని వాటిని బయట వేయించాం. ఆ తర్వాత దానికి దాక్కోవడానికి ఏమీ లేకుండా పోయింది. జాలీ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తేది.

ఆ రోజుల్లోనే సారు నాకు ఇంకో పని చెప్పాడు. బడి పిల్లలు చూడటానికి వస్తారు, జాలీ దగ్గర ఒక బోర్డు పెట్టాలి, జంతువు పేరు, దాని అర్థం రాయాలి. "నువ్వే రాయమ్మా, నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది" అన్నాడు. మొక్కల రేకుల మీద నేను రాయడం మొదలుపెట్టి అప్పటికి కొంతకాలమైంది. అయినా పెద్ద బోర్డు కదా అని ముందు సుద్దతో నేల మీద రాసి చూసుకున్నాను.

పేరు రాయడం కంటే అర్థం రాయడం కష్టమైంది. డాక్టరును అడిగితే, "కృష్ణజింక అని రాయి. కృష్ణ అంటే నలుపు. మగది ఎదిగేకొద్దీ వీపు నల్లబడుతుంది" అన్నాడు. మా ఇర్రి ఇంకా లేత రంగులోనే ఉంది. ఆ నలుపు రావడానికి కొన్నేళ్ళు పడుతుందన్నాడు. వాచర్ కోదాడలో తనకు తెలిసిన తెలుగు పంతులుకు ఫోన్ చేశాడు. ఆ పంతులు బోలెడన్ని పేర్లు చెప్పాడట. హరిణం, సారంగం, కురంగం, మృగం. అందులో మృగం అన్న మాటకు మూలం వెతకడం, వేటాడటం అట. జనం అడవిలో వెతికి వెతికి పట్టేది గనుక మృగం.

"అంటే పేరులోనే ఏట ఉందన్నమాట. పాపం" అన్నాడు వాచర్.

చదువు లేనప్పుడు పేర్ల గురించి ఇంత ఆలోచించేదాన్ని కాదు. ఇప్పుడు రంగు డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక సంగతి తోచింది. రంగు చూసినవాళ్ళు ఒక పేరు పెట్టారు, వేటకు పోయినవాళ్ళు ఒక పేరు పెట్టారు. మా వాళ్ళు మగదాన్ని ఇర్రి అంటారు, ఆడదాన్ని లేడి అంటారు. ఏ పేరు పెట్టి పిలిచినా అది తల తిప్పదు. అది తల తిప్పేది ఒక్కదానికే. సాయంత్రం మందను మళ్ళించడానికి మేం నాలుక మడిచి గొంతులోంచి తీసే కూత ఉంటుంది. దాన్ని రాయడానికి నాకు అక్షరాలు దొరకలేదు. చివరికి పైన కృష్ణజింక అనీ, కింద చిన్నగా ఇర్రి అనీ రాశాను. పిల్లల కోసం మృగం సంగతి రాయలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున నేను మేత తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను. రేకు కూడా చేతిలో లేదు. ఇర్రి నన్ను చూసింది. నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేల వదిలాయి. ఎక్కడి నుంచో ఎవరో పైకి లాగినట్టు లేచింది. గాల్లో కాసేపు అలాగే ఉన్నట్టనిపించింది. దిగీ దిగగానే మళ్ళీ లేచింది. ఆ చివరి మూలకు పోయి, వెనక్కి తిరిగి, రొప్పుతూ నన్ను చూసింది.

"దుంకింది! అక్కా, దుంకింది!" వాచర్ పైపు వదిలేసి ఎగిరాడు. నీళ్ళు మడి అంతా పారాయి. సారు ఆఫీసులోంచి బయటికి వచ్చాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే అయ్యుండాలి. మేత గంప అక్కడే దించి స్టోర్ రూములోకి వెళ్ళి, ఆ గొంగడి పక్కన కాసేపు కూర్చున్నాను. నన్ను చూసి దుంకింది. నేను నేర్పిందే నేర్చుకుంది.

సాయంత్రం ముసలాయనకు ఫోన్ చేశాను.

"నిజంగ దుంకిందా బిడ్డా? ఎంతెత్తు?"

"నా తలకాయంత ఎత్తు."

"నువ్వు పొట్టిదానివో పొడుగుదానివో నాకు యాదికిలేదు" అని నవ్వాడు. "ఇడిసేనాడు నన్ను పిలువుండ్రి. ఒక్కసారి కండ్లార సూసి పోత."

డాక్టరు వద్దన్నాడు. ముసలాయన వాసన తగిలినా, గొంతు వినబడినా అది వెనక్కి వచ్చేస్తుందన్నాడు. నిజమే కదా. నేను ముసలాయనకు చెప్తే, "అట్లైతే వద్దు తియ్. దాని మంచికే గద" అన్నాడు. ఫోన్లో వీడియో తీసి చూపిస్తానని వాచర్ మాటిచ్చాడు.

హాలియా దాటాక గుట్టల పక్కన ఇర్రుల గుంపు ఒకటి తిరిగే బీడు ఉంది. అక్కడికి తీసుకెళ్ళి వదిలాం. పెట్టె తలుపు తీశాక అది చాలాసేపు బయటికి రాలేదు. ఎవరం మాట్లాడలేదు, కదల్లేదు. దూరంగా గుంపులో ఒక లేడి మమ్మల్ని పసిగట్టి దుంకింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మా ఇర్రి చెవులు నిక్కించి అటే చూసింది. ఎడమ చెవి కోసిన చోటు నుంచి ఎండ ఇవతలికి వచ్చింది. అప్పుడు అదీ లేచింది. ఒక దుంకు, రెండో దుంకు, తర్వాత గడ్డిలో ఏది మాదో ఏది గుంపుదో తెలియలేదు. డాక్టరు నా దగ్గరికి వచ్చి, "నీ మాటే నిలబడింది అమ్మా" అన్నాడు.

వాచర్ ఫోన్లో తీసింది ముసలాయనకు చూపించడానికి ఇద్దరం నడిగూడెం వెళ్ళాం. ముసలాయన ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, పక్కకు తిప్పి చూశాడు.

"ఇది ఇర్రా, గడ్డా?"

"అదే తాతా, అగో, ఆ చుక్క."

"ఈ చుక్కనా! ఇంత పెద్దగ సాదితే సుక్క జేసిండ్రు గదరా" అని మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు.

ఇంతటితో ఆపేయగలిగితే ఈ కథ నేను ఎప్పుడో చెప్పేసి ఉండేదాన్ని.

యాసంగి వరి కోతలయ్యాక గొర్రెల మందలు మేపు కోసం ఊళ్ళు దాటి పోతాయి. మాడుగులపల్లి వైపు మంద ఒకటి హాలియా దాటి ఆ బీడు దగ్గరికి పోయింది. ఒక పొద్దున ఆ గొర్రెలాయన ఊరి వాళ్ళ చేత సారుకు ఫోన్ చేయించాడు. సారు, వాచర్, నేను వెళ్ళాం. డాక్టరు వేరే ఊరు పోయి ఉన్నాడు, తర్వాత వచ్చాడు.

కోసిన పొలంలో ఇర్రి పడి ఉంది. మెడ దగ్గర, తొడ దగ్గర కుక్కల పళ్ళు దిగాయి. వాచర్ ఒంగి ఎడమ చెవి ఎత్తాడు. మంద గుర్తు ఉంది. వీపు మీద ఇంకా నలుపు రాలేదు.

గొర్రెలాయన నడివయసు మనిషి. మమ్మల్ని చూడగానే చేతులు జోడించాడు. "నేను ఉసిగొల్పలే సారూ. నా పిల్లల మీద ఒట్టు. కుక్కలను ఆపుదామని ఉరికిన, అందలే."

"నిన్నేం అనం. ఏం జరిగిందో చెప్పు" అన్నాడు సారు.

"పొద్దుగాల మంద లేపుదామని కూతేసిన. గుట్ట దిక్కు నుంచి ఇదొక్కతే నడుసుకుంట వచ్చింది. ఉరికి రాలే, నడుసుకుంట వచ్చింది. నేను పరేషానయిన. ఇర్రి మందకాడికి వచ్చుడేంది? నా కుక్కలు దీన్ని ఎరగయి గద, ఎగవడ్డయ్. బీడంత ఖాళీగనే ఉండె సారూ. అటు ఉరికితే ఏ కుక్క అందుకుంటది దాన్ని? అటే ఉరుకుతదనుకున్న."

"ఉరకలేదా?"

"లే. మంద దిక్కు దుంకింది. ఏం దుంకుడది! నా బతుకుల సూడలే. గొర్ల మీదికెల్లి వచ్చి నడిమిట్ల వడ్డది. మీదికెల్లి ఏమో వడ్డదని గొర్లన్ని బెదిరి చెదిరినయ్. అవి చెదిరినంక ఇదొక్కతే మిగిలింది. అప్పుడన్న ఉరకాలె గద. తలకాయ కిందికి వెట్టి నిలవడ్డది."

అతను తల వంచి చూపించాడు, ఎలా నిలబడిందో.

నాకు కాలువ గట్టు గుర్తొచ్చింది. పెద్ద గొర్రె కడుపు కింద పెట్టిన మూతి గుర్తొచ్చింది. నర్సరీ మూలన వేసిన మట్టి బస్తాలు గుర్తొచ్చాయి. దూరం నుంచి చూస్తే అవి పడుకున్న గొర్రెల్లాగే ఉంటాయి. మూల దొరికితే చాలని అందులో దూరుతోందనుకున్నాను. మనిషంటే భయం నేర్పాం, కుక్కంటే భయం నేర్పాం. గొర్రెను చూసి పారిపోవడం నేర్పాలని మాకు తోచలేదు. నేను గొర్రెల ఇంట్లో పుట్టినదాన్ని, వాచర్ తాతలు మంద కాసినవాళ్ళే. గొర్రె నుంచి ఎవరికైనా ముప్పు వస్తుందని మా బుర్రల్లోకి రావడానికి దారి లేదు. డాక్టరు మొదటిరోజే ఆ మాట దగ్గరిదాకా వచ్చాడు. నేను అక్షరాల సంగతి చెప్పి ఆయన నోరు మూయించాను. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

పొలం పక్కనే గుట్ట కింద సారు దాని దహనం జరిపించాడు. మంట ఆరేదాకా గొర్రెలాయన కూడా అక్కడే నిలబడ్డాడు.

"ముసలాయనకు ఫోన్ చేసి చెప్తావా?" అని అడిగాడు సారు దారిలో. ఫోన్లో చెప్పలేనన్నాను.

మర్నాడు కోదాడ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నడిగూడెం వెళ్ళాను. స్టోర్ రూములోని గొంగడి తీసుకుని వెళ్ళాను. ముసలాయన అదే గట్టు మీద ఉన్నాడు. గొంగడి చూడగానే ఆయనకు సగం అర్థమైంది. తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉతికినవా?"

"ఉతకలే తాతా."

దాన్ని భుజాన వేసుకుని కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. జరిగింది చెప్పాను. కుక్కల దాకా చెప్పి ఆగాను. ఆయన కాసేపు గడ్డి పీకుతూ ఉండిపోయాడు.

"కుక్కలొచ్చినప్పుడు దుంకిండా బిడ్డా?"

"దుంకిండు తాతా. ఆ గొర్రెలాయన అంత దుంకుడు తన బతుకుల సూడలేదన్నడు."

ముసలాయన ముఖంలో ఏదో మెరిసింది. అక్కడితో ఊరుకుంటాడని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

"ఎటు దిక్కు?" అన్నాడు.

కాలువ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన నా ముఖం చూశాడు. తర్వాత తన మంద వైపు చూశాడు.

"మంద దిక్కే గదా" అన్నాడు.

నేను తలూపాను.

"ఇంకెటు వోతడు మరి వాడు."

గొర్రెలు కొన్ని పక్క పొలంలో దిగుతున్నాయి. ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. నాలుక మడిచి కూత వేశాడు. మేస్తున్న గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. వెనకున్నవి ముందుకు, పొలంలో దిగినవి గట్టు మీదికి, అన్నీ ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి చేరాయి. అన్నీ వచ్చాక కూడా ఆయన గట్టు చివర వైపు చూస్తూ ఇంకోసారి కూత వేశాడు.